అత్త నోట మాట తగ్గింది... నొప్పుల వల్లా, దిగులు వల్లా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేస్తారు. వేట నిషేధం రోజుల్లోనే ఇంటికొస్తారు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, మా అత్త. ఆమెకు 67 ఏళ్ళు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగిన మనిషి. మూడేళ్ళ కిందట మా మావ కిడ్నీ జబ్బుతో పోయారు. ఏడాదిన్నరగా అత్తకు చేతివేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు వాస్తున్నాయి. పొద్దున్న లేచాక గంటన్నర దాకా గుప్పిట ముయ్యలేదు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. తిండి తగ్గిపోయింది. ఎవరితోనూ మాట్లాడదు, అరుగు మీదికి కూడా రాదు. "నాకెందుకే ఇంకా ఈ బతుకు" అంటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది, రోజూ నొప్పి మాత్రలు. అడ్డపొగ మానదు. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే సీఆర్‌పీ 22, ఈఎస్‌ఆర్ 68, హిమోగ్లోబిన్ 9.1 వచ్చాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ వల్లే డిప్రెషన్ వస్తుందని, పసుపు క్యాప్సూల్స్ వాడితే రెండూ పోతాయని ఫోన్లో ఒక వీడియోలో చూశాను. చుట్టుపక్కల వాళ్ళేమో "ముసలిదాని నాటకాలు" అంటున్నారు. సీఆర్‌పీ తగ్గితే అత్త మళ్ళీ మామూలు మనిషవుతుందా? ఆ క్యాప్సూల్స్ కొననా?
— ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, అంకెల సంగతి కాసేపు పక్కన పెడదాం. "నాకెందుకే ఇంకా ఈ బతుకు" అన్న మాట దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే అన్నిటికంటే తొందరగా చూడాల్సింది అదే.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆవిడ పక్కన కూర్చోండి. "అత్తా, చచ్చిపోవాలనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని ఉన్నదున్నట్టు అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఇన్నాళ్ళూ ఒక్కరే మోస్తున్నది ఇంకొకరితో చెప్పుకున్నందుకు వాళ్ళకు కొంత తేలికగా ఉంటుంది. "దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అంటే డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే తీసుకెళ్ళండి. "ఫలానాది చేసుకుందామనుకున్నాను" అంటే మాత్రం ఆవిణ్ణి ఒంటరిగా వదలకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 108కి ఫోన్ చేయొచ్చు. ఏం చెప్పినా సరే, ఇంట్లో పురుగుమందు, ఎలుకలమందు, మాత్రల డబ్బాలు ఉంటే ఇవాళే తాళంలో పెట్టండి. మనసు బాధలకు ఫోన్లో సలహా చెప్పే టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆవిడే మాట్లాడాలని లేదు, మీరు చేసి సలహా అడిగినా చెబుతారు.

ఇక నాటకాల సంగతి. ఆ మాట అన్నవాళ్ళకు మీరు ఇలా చెప్పండి. మనకు గట్టిగా జ్వరం వచ్చినప్పుడు ఎలా ఉంటుంది? అన్నం సహించదు, ఎవరైనా పలకరిస్తే విసుగు, వెలుతురు చూడబుద్ధి కాదు, ఓ మూల ముడుచుకుని పడుకోవాలనిపిస్తుంది. అది మన ఇష్టం కాదు. ఒంట్లోకి క్రిమి చొరబడితే రక్షణ కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటివి వాటి పేర్లు. అవి రక్తంలోంచీ నరాల దారిలోనూ మెదడుకు కబురు పంపుతాయి: "పని ఆపు, కదలకు, ఉన్న బలమంతా పోట్లాటకు దాచు" అని. మూడు రోజుల జ్వరంలో ఇది మేలే చేస్తుంది. అదే కబురు ఏడాదిన్నర పాటు రాత్రీ పగలూ ఆగకుండా వెళ్తూ ఉంటే? నివురు కప్పిన నిప్పులాగా పైకి జ్వరం కనబడదు గానీ లోపల సెగ తగ్గదు. మనిషి మాత్రం జ్వరంలో ఉన్నవాళ్ళలాగే ముడుచుకుపోతారు. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఈ సెగే. మీ అత్తగారి వేళ్ళ వాపు, ఆవిడ మౌనం రెండూ ఒకే పొయ్యి నుంచి వస్తూ ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. హెపటైటిస్-సి జబ్బుకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇచ్చేవారు. అది కూడా ఇలా రక్షణ కణాలు వదిలే రసాయనమే. ఆ వైద్యం తీసుకున్న వాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ వచ్చేది. అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ ఈ సెగ ఎవరిలోనైనా కొంత పెరుగుతుందని ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ప్రతిపాదించారు. దానికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు కూడా పెట్టారు. అయితే వయసుతో వచ్చేది సన్నని సెగ. సీఆర్‌పీ 22ని "వయసైపోయింది కదా" అని వదిలేయడానికి వీల్లేదు.

మీరు చూసిన వీడియోలో సగం నిజం ఉంది. మిగతా సగం వల్లే మీరు మోసపోతారేమోనని నా భయం. సీఆర్‌పీ అనేది కాలేయం తయారు చేసే ఒక ప్రొటీన్. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. ఒంట్లో ఎక్కడో నిప్పు ఉందని అది చెబుతుంది. ఎక్కడుందో చెప్పదు. ఈఎస్‌ఆర్ కూడా అలాంటి పరీక్షే. పంటి చిగురు చీము పట్టినా పెరుగుతుంది, కీళ్ళు వాచినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. దిగులును కొలిచే పరీక్ష మాత్రం కాదు. సీఆర్‌పీ మామూలుగా ఉండి తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళూ ఉన్నారు, 40 ఉండి నవ్వుతూ తిరిగేవాళ్ళూ ఉన్నారు. మీరడిగిన ప్రశ్ననే అమెరికాలో డాక్టర్లు పరీక్షించి చూశారు. మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిలో కొందరికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే కీళ్ళవాతం మందు, మిగతావాళ్ళకు ఉత్త సెలైన్ ఎక్కించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే ఆ మందు వల్ల దిగులు తగ్గలేదు. మొదట్లోనే సీఆర్‌పీ 5 కంటే ఎక్కువ ఉన్నవాళ్ళలో మాత్రం కొంత గుణం కనబడింది. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: మీ అత్తగారి విషయంలో సెగ తగ్గిస్తే మనసుకూ కొంత ఊరట దొరికే అవకాశం ఉంది. కానీ ఆ ఒక్కదానితో పూర్తిగా కుదుటపడతారని ఎదురుచూడకూడదు. నిప్పు ఎక్కడుందో వెతికి ఆర్పాలి, దిగులుకు దిగులు వైద్యమూ చేయించాలి. రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి.

నిప్పు ఎక్కడుంది? మీ ఉత్తరంలోనే ఒక ముఖ్యమైన ఆధారం ఉంది. పొద్దున్న గంటన్నర దాకా గుప్పిట ముయ్యలేకపోవడం. వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంట లోపే సడలిపోతుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, గంటకు పైగా బిగుసుకుని ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం అని అనుమానించాలి. అరవై దాటాక కూడా ఇది కొత్తగా మొదలవుతుంది. చూసే డాక్టరు ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే పరీక్షలు రాస్తారు. అదే అని తేలితే దానికి మంచి మందులున్నాయి. సూదులతో నొప్పిని కప్పిపుచ్చుకుంటూ వెళ్తే మాత్రం వేళ్ళు వంకరపోయి అలాగే ఉండిపోతాయి. గంపను ఎత్తి దించిన చేతులవి. నీళ్ళ చెంబు పట్టుకోలేని రోజు వస్తే ఆ మనసు ఇంకెంత కుంగిపోతుందో ఆలోచించండి.

ఒక జాగ్రత్త మాత్రం ఇప్పుడే చెబుతాను. కీళ్ళవాతానికి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకునేది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తప్పు చదువుకున్న ఇళ్ళలోనూ జరుగుతోంది. ఆ మందు రాస్తే వారం పేరు చీటీ మీద రాయించుకుని, మాత్ర మీ చేతుల మీదుగానే ఇవ్వండి. అది మొదలుపెట్టే ముందు కిడ్నీల పరీక్ష తప్పనిసరి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీరుండేది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మావగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. అలాంటి ఇంట్లో 67 ఏళ్ళ మనిషి రోజూ నొప్పి మాత్రలు మింగుతున్నారు. మీరు రాసిన పరీక్షల్లో కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రెండు రోజులు వాడితే పెద్దగా ఏమీ కాదు. ఈ వయసులో నెలల తరబడి వాడితే, అదీ ఎండలో చెమటోడ్చే మన తీరంలో, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం చాలా ఉంది. ఉద్దానంలో జబ్బు ఎందుకొస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా పూర్తిగా తేల్చలేదు. నొప్పి మాత్రలు దాన్ని ఇంకా చెడగొడతాయన్న దాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. ఆ మాత్రలు ఇవాళే ఆపండి. డాక్టరుకు చూపించేదాకా అవసరమైతే పారాసెటమాల్ ఇవ్వండి, రోజుకెన్ని ఇవ్వొచ్చో ఆసుపత్రిలో అడిగి.

వారానికో సూది అన్నారు. అదేమిటో పేరు కనుక్కోండి. వేసిన రెండో రోజుకే నొప్పి మాయమై, వారం తిరిగేసరికి మళ్ళీ మొదలవుతోందంటే అందులో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాలి. స్టెరాయిడ్ మనసు మీద కూడా పనిచేస్తుంది. వేసినప్పుడు హుషారు, నిద్ర పట్టకపోవడం, తగ్గేకొద్దీ చిరాకు, ఏడుపు, నీరసం. మూడింటికే మెలకువ రావడంలో దానికీ పాత్ర ఉండొచ్చు. అయితే నెలలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. బీపీ పడిపోయి కుప్పకూలిపోవచ్చు. అందుకని ఈ ఒక్కదాన్నీ మీరుగా ఆపకుండా, వివరాలతో సహా డాక్టరు ముందు పెట్టండి. పేరు లేని పొట్లాల్లో మాత్రలు కట్టిస్తుంటే ఆ పొట్లం కూడా పట్టుకెళ్ళండి.

హిమోగ్లోబిన్ 9.1కి మూడు కారణాలుండొచ్చు. మూడూ వెతకాలి. ఒకటి, ఈ సెగే. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది ఒంట్లో ఉన్న ఐరన్‌ను గాదెలో పోసి తాళం వేసినట్టు బిగించేస్తుంది. గింజలున్నా వండుకోవడానికి లేనట్టే. రెండు, కిడ్నీ దెబ్బతింటే రక్తం తయారవ్వడం తగ్గుతుంది. మూడు, నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి రక్తం కొద్దికొద్దిగా పోవడం. విరోచనం తారులాగా నల్లగా వస్తోందేమో అడగండి. వస్తుంటే ఆలస్యం చేయొద్దు. రక్తం తక్కువైతే వచ్చే నిస్సత్తువ అచ్చం దిగులులాగే కనబడుతుంది. థైరాయిడ్ తగ్గినా అంతే, బి12 తగ్గినా అంతే. అందుకే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, షుగరు, థైరాయిడ్, బి12, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయమని అడగండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరు నుంచి ఉన్నాయి. కిడ్నీ సంగతి అక్కడ తేలుతుంది.

ఇక్కడ ఒక మాట. మన ఉద్దానంలో అక్షరం రానివాళ్ళకు కూడా క్రియాటినిన్ అన్న మాట తెలుసు. అది వినగానే గుండె జారిపోతుంది. భర్తను డయాలసిస్‌కి తిప్పిన మనిషి, ఆ కుర్చీ పక్కన గంటలు గంటలు కూర్చున్న మనిషి, తనకూ అదే వస్తోందని లోలోపల నమ్మి మాట మానేసిందేమో ఒకసారి ఆలోచించండి. అడిగితే చెప్పకపోవచ్చు. "మావకు వచ్చింది నాకూ వస్తుందని భయమేస్తోందా అత్తా" అని మీరే ఆ మాట తీయండి. ఫలితం బాగుంటే అదే సగం వైద్యం. కొంచెం తేడాగా ఉన్నా, తొలి దశలో తెలిస్తే ఏళ్ళ తరబడి కాపాడుకోవచ్చు. మావగారి కథే మళ్ళీ జరగాలని లేదు.

నోరు కూడా చూపించండి. చిగుళ్ళ జబ్బు కూడా సీఆర్‌పీని పెంచే నిప్పే. చుట్ట వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ మన తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళకు తరాల అలవాటు. దానివల్ల పైఅంగిట్లో తెల్లమచ్చలు, పుళ్ళు వచ్చి కొందరిలో క్యాన్సర్‌గా మారతాయి. టార్చి లైటు వేసి చూడండి. మచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే దంతవైద్యుడికి చూపించడం ఆలస్యం చేయొద్దు. అయితే ఇవాళే చుట్ట లాక్కోమని నేను చెప్పను. మొగుడు పోయి, నడక పోయి, మాట పోయిన మనిషికి అదొక్కటే తోడుగా మిగిలి ఉండొచ్చు. బలవంతంగా మాన్పిస్తే మొదటి వారాల్లో చిరాకు, దిగులు ఇంకా పెరుగుతాయి. దిగులు వైద్యం మొదలై కాస్త తేరుకున్నాక, డాక్టరు సాయంతో మాన్పించండి.

దిగులు వైద్యం గురించి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకెళ్ళండి. మీకు దాదాపు వంద కిలోమీటర్ల దూరమని తెలుసు. అందుకే కీళ్ళు, మనసు రెండూ ఒకే ప్రయాణంలో చూపించేలా వెళ్ళండి. మానసిక వైద్యుడంటే పిచ్చి డాక్టరన్న మాట పల్లెలో ఇంకా ఉంది. "నిద్ర పట్టడానికి, ఆకలి వేయడానికి చూపిస్తున్నాం" అని చెప్పి తీసుకెళ్ళండి. అది అబద్ధం కూడా కాదు. పెద్దవాళ్ళ కోసం తయారుచేసిన 15 ప్రశ్నల పరీక్ష ఒకటుంది, అవును, కాదు అని చెబితే చాలు. మందు రాస్తే ఎక్కువగా సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి రాస్తారు. అవి అలవాటు పడిపోయే మత్తుమందులు కావు. గుణం కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఈ వయసులో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. పది రోజులకే "పనిచెయ్యలేదు" అని మానేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మొదటి వారాల్లో పెద్ద వయసు ఆడవాళ్ళకు రక్తంలో సోడియం తగ్గొచ్చు, బీపీకి నీరు తీసే మాత్ర వాడుతుంటే మరీను. తూలిపోయినా, మాట తికమకగా ఉన్నా వెంటనే చూపించాలి. ఈ మందులతో పాటు పాత నొప్పి మాత్రలు కలిపితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. అవి ఆపమనడానికి ఇది ఇంకో కారణం.

పసుపు క్యాప్సూల్స్ కొనకండి. కూరలో వేసుకునే పసుపుతో ఏ ఇబ్బందీ లేదు, ఎప్పటిలాగే వేయండి. క్యాప్సూల్‌లో ఉండేది ఎన్నో రెట్లు చిక్కబరిచిన సారం. ఒంటికి పట్టడానికి మిరియాల సారం కూడా కలుపుతారు. వాటివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళున్నారు. ఆ డబ్బు శ్రీకాకుళం ప్రయాణానికి దాచండి.

తిండి సంగతి మీకు నేను చెప్పాలా! కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఈ సెగకు మంచివి. పులుసో ఇగురో చేసి పెట్టండి, ఎండుచేపలు మాత్రం ఉప్పు వల్ల తగ్గించండి. చోడి అంబలి పొద్దున్నే ఇవ్వొచ్చు. క్రియాటినిన్ ఫలితం వచ్చేదాకా కొబ్బరినీళ్ళు రోజూ తాగించకండి. కిడ్నీ బలహీనంగా ఉంటే వాటిలో పొటాషియం ఇబ్బంది పెడుతుంది.

కదలకపోతే సెగ పెరుగుతుంది, సెగ పెరిగితే కదలబుద్ధి కాదు. ఈ చుట్టును ఎక్కడో ఒకచోట తెంపాలి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టించి, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పించండి. బిగుతు సడలాక, పదిన్నరకో పదకొండుకో, "అత్తా, ఈ చేప తాజాదా కాదా చూసి చెప్పు" అని అరుగు దాకా పిలవండి. చేపలు చూసి చెప్పడంలో మీ వాడలో ఆవిడకు సాటి వచ్చేవాళ్ళుండరు. పనికిరాకుండా పోయానన్న బాధ ఊరికే ఓదారిస్తే పోదు. ఆవిడ తీర్పు అవసరమైన పని ఇచ్చినప్పుడు కొంత తగ్గుతుంది. మొదటి వారం రాకపోవచ్చు. విసుక్కోవచ్చు. రోజూ అదే వేళకు పిలవండి.

మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి. బోటు ఒడ్డుకు వచ్చిన రోజల్లా తల్లితో ఐదు నిమిషాలు మాట్లాడమనండి. మందులు వేసుకున్నావా అన్న ఒక్క ప్రశ్నతో ఆపేయకుండా, వేట ఎలా సాగిందో, ఏ చేప పడిందో చెప్పమనండి. మీరు కూడా ఇద్దరు పిల్లలతో, ఒక రోగితో ఏడాదిన్నరగా ఒంటరిగా లాక్కొస్తున్నారు. మీ నిద్ర, మీ తిండి ఎలా ఉన్నాయో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. 14416కి చేసినప్పుడు మీ గురించి కూడా చెప్పుకోండి. క్రియాటినిన్, యాంటీ సీసీపీ ఫలితాలు రాగానే, సూది పేరు తెలియగానే నాకు రాయండి.